విజయనగరంలో ఇంటి కిల్న్ సరుకు: కప్పులు, జాడీలు కొనండి, రెజిన్ వదిలెయ్యండి

విజయనగరం కోటకి నడిచి వెళ్లేంత దూరంలో ఒక మేడ మీద, రేకుల షెడ్డు కింద చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ (మట్టి సామాను కాల్చే కొలిమి) నడుస్తోంది. నడిపే ఆవిడది వేరే ఉద్యోగం. మట్టిపని, బొమ్మలు వెయ్యడం సరదా కొద్దీ మొదలుపెట్టి, ఇంట్లో చోటు చాలక అమ్మకానికి పెట్టారు. శని, ఆదివారాల్లో సాయంత్రం పూట కింద వరండాలో బల్లలు వేసి సరుకు పేరుస్తారు. బోర్డు లేదు. పేరు, చిరునామా వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. ఊళ్లో బొమ్మలేసేవాళ్లలో ఎవర్నడిగినా దారి చెప్తారు.

బల్లల మీద మూడు రకాలు ఉంటాయి: కాల్చిన మట్టి సామాను, పెయింటింగులు, ఇవీ అవీ కలిపి చేసిన అలంకరణ వస్తువులు. మూడూ ఒకే చేతివి అయినా నాణ్యత ఒకటి కాదు. చేతిపని బాగోగులు రెండు పదార్థాలు కలిసే చోట బయటపడతాయి. మట్టి మీద గ్లేజు అనే గాజుపూత, కప్పుకి పిడి, గుడ్డ మీద పుట్టీ, చెక్క మీద రెజిన్ (పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ లాంటి పదార్థం), ఏదైనా సరే, ఒకటి సాగి రెండోది సాగకపోతే పగులు ఆ అతుకు దగ్గరే మొదలవుతుంది. మట్టి విషయంలో ఆవిడకి ఈ లెక్క బాగా పట్టుబడింది. మిగతా వాటిలో ఇంకా పట్టుబడలేదు.

ముందు కప్పులు. 220 మిల్లీలీటర్ల టీ కప్పు 380 రూపాయలు, 300 మిల్లీలీటర్ల మగ్గు 480. మట్టి ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి సంచుల్లో వచ్చే స్టోన్‌వేర్ మట్టి. "ఏటండీ, మన చెరువుల్లో ఇంత మట్టుంటే అక్కణ్నుంచి తెప్పించడమేటి?" అని వచ్చినవాళ్లలో సగం మంది అడుగుతారు. సబబైన ప్రశ్నే, దానికి జవాబూ ఉంది. మన చెరువుమట్టిలో ఇనుము ఎక్కువ. ఆ ఇనుమే ఎర్రరంగునిస్తుంది, ఆ ఇనుమే వేడికి మట్టిని తొందరగా కరిగిస్తుంది. వెయ్యి డిగ్రీల దగ్గర చక్కగా గట్టిపడే ఆ మట్టి, 1100 దాటితే వంగడం, ఉబ్బడం మొదలుపెట్టి, 1200 దగ్గర కిల్న్ పలక మీద నల్లటి ముద్దగా కూలబడుతుంది. వెయ్యి దగ్గర ఆపేస్తే కప్పు నిలబడుతుంది గానీ నీళ్లు పీలుస్తుంది. స్టోన్‌వేర్ మట్టి 1220 డిగ్రీల దాకా ఆకారం చెడకుండా ఓర్చుకుంటుంది, లోపలి సందులన్నీ మూసుకుపోయి రాయిలా అవుతుంది. రోజూ పాలు, టీ పోసే పాత్రకి అదే కావాలి.

మూసుకుపోయాయో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పొడి కప్పుని వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. రాత్రంతా నీళ్లలో ముంచి ఉంచి, పైతడి గుడ్డతో తుడిచి మళ్లీ తూచండి. ఈ సరుకులోంచి తీసిన కప్పు పొడిగా 338 గ్రాములు, తడిశాక 342 తూగింది. అంటే 1.2 శాతం. స్టోన్‌వేర్‌కి రెండు శాతం లోపుంటే ఫర్వాలేదు, ఒకటి లోపుంటే ఇంకా మేలు. అయిదారు శాతం పీల్చే కప్పుని మైక్రోవేవ్‌లో పెడితే లోపలి తేమ మరిగి టీ కన్నా ముందు పిడి కాలుతుంది. పైకి ఎంత మెరిసినా అలాంటి కప్పు రెండో కాల్పు, అంటే గ్లేజు పూశాక కాల్చే పెద్ద కాల్పు, సరిగ్గా అందుకోలేదన్నమాట. కాటా లేకపోతే అడుగు చూడండి. గ్లేజు లేని ఆ రింగు మీద ఒక నీటిచుక్క వేస్తే, బాగా కాలిన కప్పు మీద చుక్క చుక్కలాగే నిలుస్తుంది, కాలనిదాని మీద మచ్చ పడి ఇంకిపోతుంది. వేలితో మీటి చూడ్డం కూడా మంచిదే. ఖంగుమంటే సరే, మొద్దుగా మోగితే ఎక్కడో కంటికి కనపడని పగులుంది.

పిడి అతికించడంలో ఆవిడ శ్రద్ధ మెచ్చుకోదగ్గది. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది. ఈ మట్టి పచ్చిగా ఉన్నప్పటి నుంచి కాలి బయటికొచ్చేసరికి దాదాపు 12 శాతం తగ్గుతుంది. పది సెంటీమీటర్ల ఎత్తు కప్పు కావాలంటే సారె మీద 11.4 సెంటీమీటర్లు తియ్యాలి. కప్పు ఒక తడిలో, పిడి ఇంకో తడిలో ఉండగా అతికిస్తే ఒకటి ముందు కుంచించుకుని రెండోదాన్ని లాగేస్తుంది. అందుకని రెండూ సగం ఆరి, గోరు దిగి కూడా వంగని స్థితిలో ఉన్నప్పుడే అతికించాలి. అతికే రెండు చోట్లా అడ్డదిడ్డంగా గీతలు గీసి, అదే మట్టిని చిక్కటి బురదగా కలిపి రాసి నొక్కుతారు. తర్వాత పాలిథిన్ కప్పి రెండు మూడు రోజులు నెమ్మదిగా ఆరనిస్తారు. తొందరపడి ఎండలో పెట్టిన సరుక్కి పిడి పైకొస దగ్గర వెంట్రుకవాసి చీలిక వస్తుంది. కొనేటప్పుడు మొదట చూడాల్సింది అక్కడే. అనుమానముంటే పసుపు నీళ్లు రాసి తుడిచెయ్యండి, గ్లేజు మీద పసుపు నిలవదు, చీలికలో మాత్రం గీతలా ఉండిపోతుంది. బల్ల మీదున్న కప్పుల్లో అలాంటి చీలిక ఒక్కదానికే కనిపించింది, చూపించగానే పక్కన పెట్టేశారు.

ఒక వంక మాత్రం ఉంది. పిడిలో రెండు వేళ్లే పడతాయి. 300 మిల్లీలీటర్ల మగ్గు నిండుగా ఉంటే అరకిలో దాటుతుంది, దానికి మూడు వేళ్లు పట్టే చోటుండాలి. చిన్న టీ కప్పుకి ఈ ఇబ్బంది లేదు. అడుగు రింగుని కూడా ఇసుక కాగితంతో ఇంకొంచెం నున్నగా రుద్దాలి, ఇప్పుడున్నట్టుగా అయితే నల్లరాయి గట్టు మీద జరిపినప్పుడు కరకరలాడుతుంది.

ఇక గ్లేజులు. మీగడ తెలుపు, తేనెరంగు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు. గ్లేజంటే మట్టి మీద కరిగి పట్టుకున్న గాజు. అందులో ఇసుక జాతి సిలికా, మట్టిలోంచి వచ్చే అల్యూమినా, వాటిని కరిగించే ఫెల్‌స్పార్, సున్నం లాంటివి ఉంటాయి. కిల్న్ చల్లారేటప్పుడు గాజూ కుంచించుకుంటుంది, మట్టీ కుంచించుకుంటుంది. గాజు ఎక్కువ కుంచించుకుంటే చాలీచాలని చొక్కాలా బిగిసి సన్నటి పగుళ్లుగా విడిపోతుంది. పాత పింగాణీ పళ్లేల మీద కనిపించే గోధుమరంగు సాలెగూడు అదే. పూలకూజా మీద అది అందం, అన్నం తినే గిన్నెలో మురికి చేరే చోటు. ఈవిడ తెలుపులో, తేనెరంగులో పగుళ్లు లేవు. నీలంలో అక్కడక్కడా సూదిబెజ్జాలున్నాయి. మొదటి కాల్పు తొందరగా ముగిస్తే మట్టిలో మిగిలిపోయిన వాయువులు రెండో కాల్పులో గ్లేజుని పొడుచుకుని బయటికి వస్తాయి, అవే ఆ బెజ్జాలు. కప్పు బయటి వైపైతే పట్టించుకోనక్కర్లేదు. లోపల ఉంటే మాత్రం తీసుకోవద్దు.

ఆకుపచ్చతో జాగ్రత్త. ఆ రంగు రాగిది. మెరుపు లేని ఆ ఆకుపచ్చ గిన్నెలో నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా వదిలేస్తే, తెల్లారేసరికి చెక్క అంచు తగిలిన మేర గ్లేజు వెలిసి గుండ్రటి మచ్చ పడింది. గ్లేజులో నిలవని రాగిని పులుపు లాగేసిందని అర్థం. ఇలాంటి గిన్నెలో నిమ్మకాయ పులిహోర, పెరుగు, రసం ఏదీ పెట్టకూడదు. ఆ సంగతి చెప్తే ఆవిడ వాదించలేదు, ఆకుపచ్చని ఇకనుంచి బయటి వైపుకే వాడతానన్నారు. బల్ల మీద ఇంకా పాతవి ఉన్నాయి, అడిగి తీసుకోండి. సీసం గురించి కూడా అడగడం మంచిది. తక్కువ వేడిలో గ్లేజు కరిగించడానికి కొన్నిచోట్ల సీసం వాడతారు. 1220 డిగ్రీల గ్లేజుకి దాని అవసరమే లేదు, ఈవిడ గ్లేజులో కలపడానికి కొనే ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) కూడా సీసం లేనిదే, సంచి మీద ఆ మాట రాసి ఉంది. అయితే నిమ్మకాయ పరీక్ష సీసాన్ని పట్టలేదు. దానికి ల్యాబే దిక్కు.

ఈ బల్లల మీద అన్నిటికన్నా మంచి వస్తువు ఊరగాయ జాడీ. కిలో పచ్చడి పట్టేది 1,150 రూపాయలు. బజార్లో దొరికే తెలుపు, గోధుమరంగు జాడీ మూడో వంతు ధరకే వస్తుంది కదా అంటే, వస్తుంది, పనికీ వస్తుంది. తేడా మూతలో ఉంది. మూతని జాడీతో విడిగా కాల్చితే రెండూ వేరే తీరున వంగుతాయి, అందుకే చౌక జాడీల మూత లొడలొడలాడుతుంది. ఈవిడ మూతని జాడీ మీదే పెట్టి కాలుస్తారు. రెండూ కలిసే చోట గ్లేజు తుడిచేసి, అంటుకోకుండా అల్యూమినా పొడి రాస్తారు. అలా చేస్తే కుంచించుకోవడం, వంగడం రెండిటికీ ఒకేలా జరుగుతాయి, మూత ఏ వైపు తిప్పినా కూర్చుంటుంది. లోపల పారదర్శక గ్లేజు ఒక్కటే, రంగు లోహాలేవీ లేవు. ఆవకాయలో ఉప్పు, పులుపు, నూనె మూడూ నెలల తరబడి గోడని తాకుతూ ఉంటాయి కాబట్టి లోపల అలాగే ఉండాలి. అంచు బయటికి తిప్పి ఉంది, గుడ్డ కట్టి తాడు బిగించినా జారదు. ఈ చిన్న సంగతి చాలామంది స్టూడియోల వాళ్లకి తోచదు. పచ్చడి జాడీ చేసేవాళ్లు పచ్చడి పెట్టేవాళ్లయితేనే తోస్తుంది.

జాడీ బయటి గోడ మీద నల్లటి పిసరు చుక్కలు చల్లినట్టుంటాయి. అది మాంగనీస్. గరివిడి, చీపురుపల్లి, గర్భాం ప్రాంతపు మాంగనీస్ గనులు 19వ శతాబ్దం చివరి నాటివి, ఈ జిల్లా ఆ రాయికి పెట్టింది పేరు. ఆ రాతిపొడిని జల్లించి మట్టిలో వందకి ఒక వంతు కలుపుతారు. నచ్చింది కదా అని మూడు నాలుగు వంతులు కలిపితే పని చెడుతుంది. వెయ్యి డిగ్రీలు దాటాక మాంగనీస్ ఆక్సిజన్ వదులుతుంది, అది గ్లేజు కింద బుడగలై పొక్కులు లేస్తాయి. పైగా ఆ పొగ, ఆ పొడి రెండూ నరాలకి చెడు చేసేవి. కిల్న్ మేడ మీద, నాలుగు వైపులా గాలి ఆడే షెడ్డులో ఉంది కాబట్టి సరిపోయింది. ఇది చదివి ఇంట్లో ప్రయత్నించేవాళ్లు పొడి కలిపేటప్పుడు మాస్కు లేకుండా దిగొద్దు.

చెరువుమట్టి సరుకు వేరుగా ఉంటుంది: ప్రమిదలు, పెరుగు సట్టెలు, తులసికోటలు, గోడకి తగిలించే ముఖాలు. ఇవి వెయ్యి డిగ్రీల దగ్గర కాల్చినవి, గ్లేజు లేదు. పెరుగు సట్టె 160 రూపాయలు. గోడ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి పెరుగు గట్టిగా తోడుకుంటుంది. అదే గుణం ప్రమిదకి చేటు. కొత్త ప్రమిద నూనెంతా తాగేస్తుంది, కార్తీకమాసంలో వెలిగించే ముందు కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి ఆరనిస్తే చాలావరకు తగ్గుతుంది. రంగులేసిన ప్రమిదలు కూడా పెట్టారు. వత్తి మూతికి దగ్గరగా ఎక్రిలిక్ రంగుంటే అది కాలి వాసనేస్తుంది. మూతి దగ్గర రంగు లేనివి ఏరుకోండి.

చెరువుమట్టికి ఒక దొంగ జబ్బుంది, ఈ సరుకులో కొన్నిటికి అది తగిలింది. చెరువుమట్టిలో నత్తగుల్లల ముక్కలు, సున్నపురాయి పలుకులు ఉంటాయి. కాల్చినప్పుడు అవి సున్నం అవుతాయి. కొన్నప్పుడు బానే ఉంటుంది. తర్వాత మన గాలిలో తేమ పీల్చుకుని ఆ సున్నం ఉబ్బి, పైమట్టిని పెంకులా ఎగరగొడుతుంది. గోడముఖం చెంప మీద గోరంత పెచ్చు లేచి, లోపల తెల్లటి చుక్క కనిపిస్తే కారణం ఇదే. చెయ్యి తగిలిందని పనిపిల్లని తిట్టొద్దు. దీనికి విరుగుడు తయారుచేసేవాళ్ల చేతిలోనే ఉంది. మట్టిని నీళ్లలో కరిగించి, అంగుళానికి నలభై కన్నాలుండే జల్లెడలో పట్టాలి. కాల్చిన మర్నాడే, వేడి పూర్తిగా దిగకముందే సరుకుని నీళ్లలో ముంచెయ్యాలి. ముంచితే సున్నం ఒక్కసారిగా చల్లారి మెత్తబడిపోతుంది, తర్వాత ఉబ్బదు. ఈవిడ సట్టెల మట్టిని జల్లెడ పడుతున్నారు, గోడముఖాల మట్టిని పట్టడం లేదు. 700 రూపాయల ముఖానికి ఆ మాత్రం చాకిరీ చెయ్యాలి.

సరుకులో ఒక విడతకీ ఇంకో విడతకీ రంగు ఎందుకు మారుతుందో కూడా కొనేవాళ్లు తెలుసుకోవాలి. ఎలక్ట్రిక్ కిల్న్ కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. 230 వోల్టులు రావాల్సింది 200 వస్తే పదమూడు శాతమే పోయిందనుకుంటాం గానీ, అందే శక్తి 76 శాతమే. చివరి వంద డిగ్రీలు ఎక్కడానికి గంట బదులు మూడు గంటలు పట్టిందంటే గ్లేజు ఎక్కువసేపు కరిగి ఉంటుంది, తేనెరంగు ముదిరిపోతుంది. అందుకని రాత్రి పది దాటాక కిల్న్ వేస్తారు. ఒక్క అంకెల మీటరుని నమ్మకుండా లోపల కోన్‌లు కూడా నిలబెడతారు. వేడి, సమయం రెండూ కలిసి ఎంత పని చేశాయో వంగి చూపించే చిన్న మట్టి గోపురాలవి. ఆ వంగిన కోన్‌లని తేదీ రాసి డబ్బాలో దాచి ఉంచారు. అడిగితే చూపిస్తారు. పని తెలిసినవాళ్లనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. ఒకే సెట్టులో ఆరు కప్పులు కావాలంటే ఒకే విడతలోవి అడగండి. తర్వాత ఒకటి పగిలితే దానికి జత దొరకదు.

పెయింటింగుల దగ్గరికొస్తే అంత రాయడానికి లేదు. నీటిరంగులు బావున్నాయి: గంటస్తంభం, రామతీర్థం కొండ, వంశధార ఒడ్డున శాలిహుండం మెట్లు. మందమైన 300 జీఎస్ఎం కాగితం, 10 అంగుళాల బొమ్మ ఫ్రేముతో 1,800. ఫ్రేములో బొమ్మకీ అద్దానికీ మధ్య అట్ట మౌంటు పెట్టడం మంచి పని. అది లేకపోతే వానాకాలంలో కాగితం అద్దానికి అంటుకుని బూజు పడుతుంది. వెనకాల మూలల్లో రెండు రబ్బరు బొత్తాలు మీరే అతికించుకోండి, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. జడివాన కొట్టే గోడకి లోపలి వైపు ఏ బొమ్మా తగిలించొద్దు.

ఎక్రిలిక్ కాన్వాసుల్లో ఎరుపుల మీద అనుమానం ఉంది. రంగు ట్యూబు మీద పిగ్మెంట్ నంబరు ఉంటుంది. ఎలిజరిన్ క్రిమ్సన్‌గా అమ్మే పీఆర్ 83 వెలుతురుకి వెలిసిపోయేది. అదే ఛాయకి పీవీ 19 వాడితే నిలుస్తుంది. ట్యూబులు చూపించమంటే ఆవిడ చూపించారు, రెండూ ఉన్నాయి. ఏ బొమ్మలో ఏది వాడారో రాసి పెట్టుకోలేదు. ఎర్రచీరలతో పైడితల్లి సిరిమాను ఉత్సవం బొమ్మ 4,500 పెట్టి కొనేవాళ్లు ఎండ పడని గోడ చూసుకుని కొనాలి.

సవర శైలి అని చీటీ పెట్టిన కాన్వాసులు నాలుగైదున్నాయి. సవర గిరిజనుల ఇళ్లలో ఆ బొమ్మ ఎర్రమన్ను అలికిన గోడ మీద బియ్యప్పిండితో, పెద్దల కోసం, పూజలో భాగంగా వేసేది. చట్రం లోపల మనుషులు, చెట్లు, జంతువులు వరసలు కట్టి ఉంటాయి, ప్రతిదానికీ అక్కడ ఉండడానికి కారణం ఉంటుంది. ఇక్కడ ఆ వరసల బదులు ఖాళీ నింపడానికి నెమళ్లు వేశారు. "శైలి" అని నిజాయితీగా రాశారు గానీ, ఆ బొమ్మే కావాలనుకుంటే సీతంపేట వైపు వెళ్లి సవర చిత్రకారుల దగ్గరే కొనుక్కోండి. ఆ డబ్బు చేరాల్సింది వాళ్లకే.

మూడో బల్ల దగ్గరే పేచీ. ముందు మంచివి చెప్పేస్తే, పొందూరు ఖాదీ ముక్కలతో చేసిన కొలాజ్‌లు. వాలుగ చేప దవడతో దూది దువ్వి వడికే ఆ సన్నఖాదీ తుంపులు ఏరి, రంగు వెయ్యకుండా, తెలుపులోని తేడాలతోనే నాగావళి ఇసుక తిన్నెలు చేశారు. గుడ్డా గుడ్డా కాబట్టి తేమకి రెండూ ఒకేలా సాగుతాయి, ఒకేలా ముడుచుకుంటాయి. అతుకు లేవదు. జిగురు కూడా అన్నం గంజి కాదు, పీవీఏ అనే తెల్ల జిగురు. గంజైతే వెండిచేపలనే చిన్న పురుగులు తినేసేవి. 2,200 రూపాయలు, దానికి తగ్గ వస్తువు.

బుడితి ఇత్తడి బిళ్లల్ని టెర్రకోట పలకల్లో పొదిగినవి రెండు రకాలున్నాయి. పాతవాటిలో బిళ్లని ఎపాక్సీ జిగురుతో గట్టిగా అతికించారు. ఎండకి ఇత్తడి, కాల్చిన మట్టి కన్నా దాదాపు మూడు రెట్లు సాగుతుంది, జిగురు మాత్రం సాగదు, బిళ్ల ఊడి వస్తుంది. కొత్తవాటిలో రెండు కన్నాలు పెట్టి రాగితీగతో వదులుగా కట్టారు. కొత్తవి తీసుకోండి. ఇది చూస్తే మట్టి దగ్గర నేర్చుకున్న లెక్క ఈ బల్లకీ మెల్లగా వస్తోందనిపిస్తుంది.

టెక్స్చర్ బొమ్మల దగ్గర ఇంకా రాలేదు. కాన్వాసు మీద గోడపుట్టీ అరంగుళం మందాన మెత్తి రేకులు చెక్కారు. పుట్టీ గోడకి పనికొస్తుంది ఎందుకంటే గోడ కదలదు. కాన్వాసు వేలితో తోస్తే వంగుతుంది, వాన వస్తే వదులవుతుంది, ఎండ వస్తే బిగుస్తుంది. మందమైన పుట్టీ బీటలు వారి పొడిగా రాలుతుంది. ఈ పని ఎండీఎఫ్ పలక (చెక్కనారని అదిమి చేసిన అట్ట) మీద, ఎక్రిలిక్ మోడలింగ్ పేస్టుతో, ఒక్కో పొర మూడు మిల్లీమీటర్లు దాటకుండా, పొర ఆరాక పొర వేస్తూ చెయ్యాలి. కచ్ వాళ్ల లిప్పన్ పనిని చూసి చేసిన అద్దాల పలకలు ఎండీఎఫ్ మీదే ఉన్నాయి కాబట్టి నయం. కానీ పలక వెనక వైపు వార్నిష్ వెయ్యలేదు. ముందు మూసుకుని వెనక తెరిచి ఉంటే తేమ ఒకవైపు నుంచే ఎక్కి పలక విల్లులా వంగుతుంది. కొన్నాక మీరే వెనక రెండు పూతలు వేసుకోవచ్చు.

మైదా లేదా కార్న్‌ఫ్లోర్‌లో జిగురు కలిపి కాల్చకుండా ఆరబెట్టిన పూలు, కమ్మలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. అది పిండి, సముద్రం దగ్గరి గాలిలో బూజు పడుతుంది, చీమలు తింటాయి. నాలుగు పండగలకి పెట్టుకుని పారేసేందుకైతే 120 రూపాయలు ఎక్కువేం కాదు. టెర్రకోట కమ్మలు 200, వాటికి ఆ బాధ లేదు, రంగు వెయ్యని నల్లవి తీసుకుంటే చెమటకి రంగు పోయే గొడవా ఉండదు. పొట్టులో మూసి, గాలి అందకుండా కాలిస్తే వచ్చే నలుపు అది, మట్టిలోపలికి దిగి ఉంటుంది.

రెజిన్ ట్రేలు, గడియారాలు వద్దు. ట్రే 1,600. ఎపాక్సీ రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పాళ్లు తప్పకుండా కలపాలి, డబ్బా మీద బరువు లెక్క ఉంటే బరువులోనే, కొలత లెక్క ఉంటే కొలతలోనే. ఈ ట్రేల్లో కొన్నిటి మీద గోరు ఆనిస్తే దిగబడుతోంది. అంటే పాళ్లు తప్పాయి, అది ఎన్నాళ్లున్నా గట్టిపడదు. గాలిలో తేమ మరీ ఎక్కువ ఉన్న రోజు పోసినవాటి మీద నూనె రాసినట్టు జిడ్డు పొర ఉంది. గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగితే పొర పోతుంది గానీ మెరుపు తిరిగి రాదు. అన్నీ సరిగ్గా కుదిరిన ట్రే అయినా చాలా రెజిన్‌లు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. పొగలు కక్కే టీ గ్లాసు దానికన్నా వేడి. గ్లాసు అడుగు అచ్చు పడిపోయే వస్తువుని టీ ట్రే అని అమ్మడం భావ్యం కాదు. కిటికీ దగ్గర పెడితే పచ్చబడుతుంది కూడా. ఆవిడకి ఇందులో గిరాకీ ఎక్కువట, అందుకే మానలేకపోతున్నారు.

ఆర్డరు ఇస్తే అయిదు వారాలు పడుతుంది, వానాకాలంలో ఇంకో రెండు వారాలు కలుపుకోండి. ఎక్కువ సమయం తినేది కాల్చడం కాదు, ఆరడం. తడి పూర్తిగా పోకుండా కిల్న్‌లో పెడితే నూరు డిగ్రీల దగ్గర నీరు ఆవిరై పచ్చి కప్పు పేలిపోతుంది, పక్కవాటినీ చెడగొడుతుంది. గృహప్రవేశానికి వంద కప్పుల రిటర్న్ గిఫ్టులంటే మూడు నెలల ముందు చెప్పాలి, నాలుగైదు విడతల్లో వస్తాయి కాబట్టి రంగు అన్నిటికీ ఒకటే ఉండాలని పట్టుబట్టొద్దు. సగం డబ్బు ముందు తీసుకుంటారు. బేరం లేదు. చిన్న వంకరలున్న సరుకు వేరే బుట్టలో సగం ధరకి ఉంటుంది, ముందు ఆ బుట్ట వెతకండి. అడుగు కొంచెం ఒరిగిన గిన్నెలు, గ్లేజు కారి రింగు దగ్గర రుద్దినవి దొరుకుతాయి, వాడకానికి లోటేమీ ఉండదు. పగులున్నవి ఆ బుట్టలో వెయ్యరు.

శ్రీకాకుళం, పార్వతీపురం వైపు ఆర్టీసీ కార్గోలో పంపిస్తారు. కప్పు లోపలా, పిడి సందులోనూ కాగితం కూరి, చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టె చుట్టూ రెండంగుళాల గడ్డి ఉండేలా పెద్ద పెట్టెలో పెడతారు. పెట్టె ఊపితే చప్పుడు రాకూడదు, వస్తే కౌంటరు దగ్గరే విప్పి చూసుకోండి. విప్పేటప్పుడు వీడియో తీసి పంపితే పగిలినదానికి బదులు ఇస్తున్నారు. రెండో పెట్టె అడగకుండా ఒక్క పెట్టెలో జాడీ తెప్పించుకోవద్దు, మూతని విడిగా చుట్టి పెట్టాలి. దసరాకి నెల ముందు నుంచి కొత్త ఆర్డర్లు తీసుకోరు. సిరిమాను వారంలో ఊరంతా జనమే కాబట్టి వరండా మూసే ఉంటుంది.